గడియ పెట్టిన చెయ్యి

మెస్ వెనక బాయిలర్ గది తలుపు లోపలినుంచి దబదబా మోగుతోంది. బయట గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కోచ్ నిలబడి ఉంది.

"మేడం, తీయండి మేడం! కళ్లు తిరుగుతున్నాయి!"

"ఇంకాసేపే తల్లీ. గెంతడం ఆపకు. ఊరికే అరవకు, గొంతు ఎండిపోతుంది" అంది కోచ్.

లోపల ఉన్నది పిచ్చుక. కుస్తీ జట్టులో అందరికంటే చిన్నగా ఉంటుందని ఆ పేరు. మనిషే చిన్న, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆ పిల్ల ఇప్పుడు వానకోటు మీద వానకోటు తొడుక్కుని ఆవిరిలో తాడాట ఆడుతోంది. పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. ఎందుకంటారా? కుస్తీలో బరువును బట్టి పోటీ. పై బరువులో గట్టి పిల్లలున్నారు, కింది బరువులో లేరు. "దాన్ని కింది బరువులోకి దించెయ్. పతకం ఖాయం" అని కాలేజీ కరస్పాండెంట్ హుకుం వేశాడు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా అంటాడు. కారేది ఆయన చెమటా?

కోచ్‌ది రాతిగుండె అనుకునేరు. అదే అయితే ఈ కథ ఇంత బాధగా ఉండేది కాదు. ఆవిడా కూలీ ఇంటి పిల్లే. ఇలాంటి గదుల్లోనే ఎదిగింది. ఆవిడా తలుపు బాదింది, ఏడ్చింది, గురువును నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తీయలేదు. తర్వాత పతకం వచ్చింది, పతకం వల్ల ఈ ఉద్యోగం వచ్చింది. దాంతో ఆవిడ బుర్రలో ఒకటే నాటుకుపోయింది: తలుపు బాదడం అందరూ చేసేదే, తీయకుండా ఉండటమే ప్రేమ. అందుకే బాదుడు ఆగిపోయినప్పుడు కూడా, హమ్మయ్య, దారికొచ్చింది అనుకుంది.

ఆ హమ్మయ్యను తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ అన్నం సహించదు. గడియ తీసేసరికి పిల్ల గుమ్మంలోనే ముడుచుకుని పడి ఉంది.

ప్రాణం దక్కింది. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఇక కుస్తీ మాట మర్చిపోవాలని డాక్టరు చెప్పాడు.

కరస్పాండెంట్ కోచ్‌ని గదికి పిలిపించాడు. కూర్చోమనలేదు.

"పోలీసులు అడిగితే ఏం చెబుతావమ్మా?"

"జరిగిందే చెబుతాను సార్."

"జరిగిందేంటో నేను చెబుతా, విను. ఆ పిల్ల బరువు తగ్గే మాత్రలేవో మింగింది. నీకూ తెలీదు, నాకూ తెలీదు. కాలేజీ పరువు తీసినందుకు పేరు కొట్టేస్తున్నాం."

"సార్, పేరు కొట్టేస్తే హాస్టల్ పోతుంది. చదువూ పోతుంది. పాపం, అది..."

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదూ? ఈ ఏడు చేద్దామనుకుంటున్నా."

ఎంతెంత వాళ్లనో మ్యాట్ కరిపించిన మనిషి నీళ్లు నమిలింది. "అలాగే సార్" అంది. పోలీసులు వస్తే వాళ్లతోనూ, "మాత్రలు మింగినట్టుందండీ" అంది. వాళ్లు రాసుకుని, టీ తాగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో పిచ్చుక తల్లి ఎదురైంది. ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసే మనిషి. పని మధ్యలో వచ్చినట్టుంది, తలమీద చుట్టకుదురు కూడా తీయలేదు. వచ్చీ రావడంతోనే వంగి కోచ్ కాళ్లు పట్టుకుంది.

"మా పిల్ల బుద్ధి తక్కువై ఏవో మాత్రలు మింగిందంట అమ్మా. మీకు తలవంపులు తెచ్చింది. దాని మొహం చూడొద్దు, నా మొహం చూసి కాలేజీలో ఉంచమని చెప్పండి. బయటికి పంపేస్తే నాతోపాటు ఇటుకలు మొయ్యడమేగా!"

అప్పుడైనా చెప్పొచ్చు. "అక్కా, లే, తప్పు నాది" అంటే సరిపోయేది. "చూద్దాంలే అక్కా" అని గొణిగి, కాళ్లు విడిపించుకుని మెట్లు దిగింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంటూ దారంతా తలెత్తలేదు.

మర్నాడు జట్టంతా మ్యాట్ మీద గుండ్రంగా కూర్చుంది. ఎవరూ బూట్లు కట్టుకోలేదు. లాయరమ్మ అనే పిల్ల లేచింది. ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పేరు పెట్టింది కోచే.

"గొంతు తడుపుకోడానికే నీళ్లు ఇవ్వలేదు. మాత్రలు దేంతో మింగిందంట?"

"మనకెందుకే ఈ గొడవ?" అంది గున్నమ్మ, జట్టులో అందరికంటే బరువైన పిల్ల. "నా పేరూ కొట్టేస్తే మా నాన్న గుమ్మం తొక్కనివ్వడు. ఎల్లుండి పోటీలు. ఆడదాం, గెలుద్దాం, అప్పుడడుగుదాం."

"గెలిస్తే పతకం ఎవరి అద్దాల బీరువాలోకి పోతుంది? నీ ఇంట్లోకా?"

"ఆడకపోతే మాత్రం? ఎదుటి కాలేజీ వాళ్లు తేరగా ఎత్తుకుపోతారు."

"అందుకే వాళ్లతోనూ మాట్లాడాలంటున్నా. వాళ్లకు మాత్రం బాయిలర్ గది లేదనుకున్నావా? ఒకళ్లని ఎండలో బస్సెక్కించి అద్దాలు మూస్తారు. ఒకళ్లచేత దుప్పట్లు కప్పి పరుగులు తీయిస్తారు. అందరి ఒళ్లూ ఒకలాగే ఎండుతోంది, అందరి కరస్పాండెంట్లూ ఒకలాగే బలుస్తున్నారు!"

కోచ్ తట్టుకోలేకపోయింది. "పిల్లలూ, వాళ్లు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు. ఉన్న నాలుగు మెతుకులూ పోగొట్టుకోకండి. నా మాట వినండి."

లాయరమ్మ ఆవిడ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"గడియ ఎవరు పెట్టారు మేడం?"

కోచ్ మెడలో ఈల సర్దుకుంది.

"కరస్పాండెంట్ పెట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. మీరు మాలో మనిషి కదా మేడం" అంది లాయరమ్మ.

కోచ్ బయటికి నడిచింది. ఆ పూటే పిల్లలు తక్కిన కాలేజీల హాస్టళ్ల దారి పట్టారు. చివరికి గున్నమ్మ కూడా, "చావో రేవో, పదండి" అని గొణుక్కుంటూ వెళ్లింది.

పోటీల రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో ముఖ్య అతిథి, పక్కన కరస్పాండెంట్, కాపలాకు పోలీసులు. గ్యాలరీ నిండా విద్యార్థులు. వాళ్ల మధ్య పిచ్చుక తల్లి. లాయరమ్మే తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

మొదటి జోడీ గున్నమ్మ, పక్క కాలేజీ పిల్ల. రిఫరీ ఈల వేశాడు. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చారు, చేతులు పట్టుకున్నారు, అలాగే నిలబడిపోయారు. "ఆడండి!" అన్నాడు రిఫరీ. కదల్లేదు. హెచ్చరించాడు. ఊహూఁ. ఇద్దరినీ ఓడినట్టు ప్రకటించి పంపేశాడు. రెండో జోడీ వచ్చి అదే పని చేసింది. మూడో జోడీ వచ్చేసరికి గ్యాలరీకి విషయం అర్థమైంది. చప్పట్లు మొదలయ్యాయి. "పిచ్చుక పేరు మళ్లీ ఎక్కించాలి!" అని ఎవరో అరిచారు. హాలంతా అందుకుంది.

కరస్పాండెంట్ చరచరా కోచ్ కుర్చీ దగ్గరికొచ్చాడు. "నీ మాటే వింటారు. ఆడమని చెప్పు. లేదా, ఇంటికి పో!"

కోచ్ లేచింది. పిల్లలందరూ ఆవిడ నోటివైపే చూస్తున్నారు. ఆడండి అన్న మాట కోసం నోరు తెరిచింది. రాలేదు. చెప్పులు విడిచి మ్యాట్ మధ్యకు వెళ్లింది.

"గడియ పెట్టింది నేను" అంది. హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. "పిచ్చుక ఏ మాత్రలూ మింగలేదు. అది తలుపు బాదుతుంటే నేను బయటే ఉన్నాను. విన్నాను. తీయలేదు. దాని బరువు దించమన్నది కరస్పాండెంట్ గారు. అబద్ధం చెప్పమన్నదీ ఆయనే. చెప్పింది మాత్రం నేను."

గ్యాలరీలోంచి పిచ్చుక తల్లి లేచి నిలబడింది. తిడుతుందనుకుంది కోచ్. కొట్టినా బాగుండుననుకుంది.

"నేను మీ కాళ్లు పట్టుకున్నానే, అమ్మా" అంది తల్లి.

కోచ్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది.

కరస్పాండెంట్ గడుసువాడు. "విన్నారుగా ఇన్‌స్పెక్టర్ గారూ? తన నోటితోనే ఒప్పుకుంది! తీసుకెళ్లండి!" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి వెయ్యకముందే కోచ్ నడిచింది. నడిచి తనే జీపెక్కింది.

జీపు కదలబోయేసరికి పిల్లలు హాల్లోంచి వరదలా వచ్చిపడ్డారు. అన్ని కాలేజీల పిల్లలూ, రంగురంగుల ఆట దుస్తుల్లో, జీపు ముందు చేతిలో చెయ్యి బిగించి వరస కట్టారు.

"మీ మేడం కోసమా? తప్పు ఒప్పుకుంది కదమ్మా, జరగండి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆవిణ్ణి దించమని మేం అడగట్లేదు" అంది లాయరమ్మ. "ఆవిడ లెక్క ఆవిడ చెప్పుకోవాల్సిందే. కరస్పాండెంట్‌నీ జీపు ఎక్కించండి. పిచ్చుక పేరు కాలేజీలో ఎక్కించండి. అప్పుడు జరుగుతాం."

"ఆయన మీద ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"ఇదిగో, ఇంతమందిమి ఇస్తున్నాం. రాసుకోండి!"

"లాగెయ్యండి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పోలీసులు వరస మీద పడ్డారు. చివరనున్న పిల్ల కాళ్లు తేలిపోయాయి. వరస వంకర తిరిగింది. ఇంకో ఊపు ఊపితే తెగేలా ఉంది.

జీపులోంచి కోచ్ చూసింది. ఆ పిల్లల ముందు నోరెత్తే అర్హత తనకు లేదని తెలుసు. తెలిసీ, ఊచలు పట్టుకుని గొంతు చించుకుని అరిచింది.

"కాళ్లు ఎడం పెట్టండే! నడుం కిందికి! లాగితే లాగనివ్వండి, బరువంతా నేలకు వదిలెయ్యండి!"

లాయరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కానీ కాళ్లు ఎడం పెట్టింది, నడుం దించింది. ఆ పక్కన గున్నమ్మ దించింది. వరసంతా ఒక్కసారిగా కిందికి దిగి నేలకు పాతుకుపోయింది. పోలీసులు లాగారు. ఒక్క పిల్లా కదల్లేదు.