నీళ్ల లారీలో స్కానర్

కాన్సస్ కొండల్లో ఎండుగడ్డి కాల్చే రోజులవి. మధ్యాహ్నం గాలి తిరిగేసరికి మంట అదుపు తప్పింది. జానెల్ అగ్నిమాపక దళంతో కొండ అవతలికి వెళ్లిపోయింది. ఆమె తండ్రి మెర్ల్ వెనకాల నీళ్ల లారీ తోలుకొస్తున్నాడు. పక్కన తల్లి లావోన్, ఒళ్లో స్కానర్ అనే చిన్న రేడియో పెట్టె. దళం మాటలు అందులో వినడమే కానీ తిరిగి పలకడం కుదరదు. మెర్ల్ రేడియో పక్క పొలాల వాళ్లతో మాట్లాడుకోవడానికి మాత్రమే.

కూతురు ఇల్లు కదిలిందంటే లావోన్‌కి ఇక తిరిగి రాదేమోననిపిస్తుంది. గొంతు వినిపిస్తున్నంతసేపే కాస్త నెమ్మది.

మలుపు దగ్గర మెర్ల్ తన రేడియో మైకు నొక్కి, దారి వదలమని పొరుగువాళ్లకి గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత స్కానర్ మళ్లీ పలకలేదు. కొండ మీద పొగ నల్లబడింది.

"వాళ్ల మాట ఆగిపోయింది మెర్ల్."

మాట్లాడే తీరిక ఉండొద్దూ అన్నాడతను. అంటూనే లారీ వేగం పెంచాడు, పొరుగువాళ్లని అడుగుదామని మళ్లీ మైకు అందుకోబోయాడు. లావోన్ అతని మణికట్టు పట్టుకుంది.

రేడియోదీ స్కానర్‌దీ రెండు యాంటెన్నాలూ లారీ కప్పు మీదే పెడితే నీ అరుపుకి స్కానర్ మాడిపోతుందని జానెల్ తండ్రికి ఎన్నోసార్లు చెప్పింది. ఒకదాన్ని వెనక ట్యాంకు మీదికి మార్చమంటే, మళ్లీ చిల్లు పొడవనన్నాడు. చివరికి ఆమే స్కానర్ తీగకి బొటనవేలంత బిళ్ల తగిలించింది. మితిమీరిన దెబ్బ వస్తే అది తన మీద వేసుకుని చస్తుందట.

"మైకు ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా," అంది లావోన్. చచ్చిన ఆ బిళ్ల ఊడబెరికి, తీగని నేరుగా స్కానర్‌కి గుచ్చింది.

గరగరమంది. తర్వాత జానెల్ గొంతు.

"నీళ్ల లారీ ఏదిరా బాబూ? మా నాన్న ఏ కంచె దగ్గరో ఆగి గొడ్ల ధరలు మాట్లాడుతుంటాడు."

ఎవరో నవ్వారు. లావోన్ సీటుకి జారగిలబడింది.

మెర్ల్ మైకు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. రేపే ట్యాంకు మీద చిల్లు పొడుస్తానన్నాడు.

"ముందు నీళ్లు చేర్చు."

లారీ కొండ ఎక్కుతున్నంతసేపూ స్కానర్‌లో జానెల్ తండ్రిని తిడుతూనే ఉంది. లావోన్ ధ్వని ఇంకాస్త పెంచి, ఒక్క తిట్టూ వదలకుండా వింది.