ముందు చక్రంలో గాలి

గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి కళ్ళజోళ్ళాయనతో ఇంట్లో ఒక్కళ్ళూ పోట్లాడటం లేదు. వినేవాళ్ళకి ఇదేదో అదృష్టంలా ఉంటుంది గానీ, అనుభవించేవాడికి తెలుస్తుంది ఆ బాధ. కూరలో ఉప్పు ఎక్కువైందంటే "అవునండీ, ఎక్కువైంది" అంటుంది భార్య. ఫ్యాను తీసేయమంటే తీసేస్తుంది, వేయమంటే వేస్తుంది. వెనకటి రోజుల్లో అయితే ఆ ఒక్క ఫ్యాను మీదే ఇద్దరూ తెగ వాదించుకునేవాళ్ళు. స్నానాల గదికి లోపల గడియ వేసుకోకూడదని కొత్త చట్టం. ఆయన లోపల ఉన్నంతసేపూ ఆవిడ బయట ఏదో పని కల్పించుకుని తచ్చాడుతూ ఉంటుంది. ఒక్కసారి దగ్గితే చాలు, "ఏమండీ!" అని కేక. తన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చోనిస్తారు గానీ, ఫ్రేముల పెట్టె ఎత్తబోతే ఎవరో ఒకరు పరుగున వచ్చి లాక్కుంటారు.

బావమరిది సంగతి మరీ అన్యాయం. అతను డ్రైవింగ్ స్కూలు మేష్టారు. రోజంతా పక్క సీట్లో కూర్చుని "క్లచ్చి, క్లచ్చి" అని అరిచి అరిచి, సాయంత్రం అక్కగారింటికి వచ్చి మిగిలిన గొంతు బావ మీద ఖర్చు పెట్టేవాడు. బావ బట్టతల, బావ కొన్న సోఫా, సొంత షాపు ఉండి కూడా బావ పెట్టుకునే వంకర కళ్ళజోడు, దేన్నీ వదిలేవాడు కాదు. అలాంటివాడు ఇప్పుడు వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "ఎలా ఉంది బావా?" అని అడుగుతున్నాడు. బానే ఉందంటే, "అంతకంటే కావలసిందేముంది" అంటున్నాడు. కళ్ళజోళ్ళాయనకి ఒళ్ళు మండిపోయేది. నేనేమన్నా పోయి గోడ మీద ఫొటోనైపోయానా, అందరూ ఇంత మర్యాదగా మాట్లాడుతున్నారు అనుకునేవాడు.

అందుకే డాక్టరు ఇక మెల్లగా సైకిలు తొక్కచ్చు అనగానే ఆ మాట పట్టుకు వేలాడాడు. పూర్వం ఆదివారం వచ్చిందంటే బావా బావమరిదీ కంకర దారిన పడేవాళ్ళు. ఎప్పుడో రైళ్ళు తిరగడం మానేసిన లైను అది. పట్టాలు పీకేసి, సన్న కంకర పరిచి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. కార్లూ మోటారు సైకిళ్ళూ దూరకుండా రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతారు. లోపలికి వెళ్ళాక హారన్ల మోత ఉండదు. పొలాలు, వాగు, చక్రాల కింద కంకర నలిగే చప్పుడు, అంతే. రోజంతా ట్రాఫిక్‌లో నలిగే బావమరిదికి ఆ దారి ప్రాణం.

"మెల్లగా అన్నాడు డాక్టరు," అంది భార్య.

"మెల్లగానే వెళ్తాలే."

"తమ్ముడు పక్కనుంటేనే. నేను కారులో అవతలి చివరికొచ్చి ఉంటాను."

సరే అన్నాడు. వెళ్ళనిస్తే అదే పదివేలు.

ముందు రోజు భోజనాల దగ్గర బావమరిది అలవాటు కొద్దీ ఒక పాఠం చెప్పాడు. "కంకర మీద టైరు బిగుతుగా ఉండకూడదక్కా. గాలి కాస్త తగ్గిస్తే మెత్తగా పోతుంది. లేకపోతే ప్రతి రాయీ వచ్చి ఛాతీలో కొడుతుంది." అనేశాక నాలిక్కరుచుకున్నాడు.  చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది.

తెల్లారి కళ్ళజోళ్ళాయన అందరికంటే ముందు లేచి వరండాలో సైకిలు దగ్గరికి వెళ్ళాడు. భార్యకీ డాక్టరుకీ చెప్పని సంగతి ఒకటి ఆయన దగ్గరుంది. కోసి అతికించిన రొమ్ము ఎముక ఇంకా నొప్పి పుడుతోంది. తుమ్మితే పొడుస్తుంది, పక్కకి తిరిగి పడుకుంటే పొడుస్తుంది. చెప్తే మళ్ళీ మంచం ఎక్కిస్తారు. అందుకని ముందు చక్రంలో గాలి కొంచెం తీసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి పళ్ళు తోముకున్నాడు.

దారి మొదట్లో స్తంభాలు దాటగానే ఆయన మొహం విచ్చుకుంది. గాలి చెవుల పక్కనుంచి పోతోంది. కాళ్ళకి పాత లయ దొరికింది. నాలుగు గోడల మధ్య ఇన్నాళ్ళు ఎలా ఉన్నానా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం పక్కన బావమరిది గొంతు ఒకటి. "గుంత, బావా." "రాయి, బావా." "ఎడమకి, ఎడమకి." బావ చక్రం ఎగిరినప్పుడల్లా అతని కుడి పాదం తనంతట తానే పెడలు మీద గట్టిగా నొక్కుకుంటోంది. డ్రైవింగ్ స్కూలు కారులో మేష్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది మరి.

"ఒరేయ్, నేను లైసెన్సుకి రాలేదు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"అయ్యో, ఊరికే చెప్పాను బావా," అన్నాడు వాడు వినయంగా. ఆ వినయం చూసి ఈయనకి దారి మీదున్న సంతోషం సగం చచ్చింది.

వాగు దాటాక ఒకచోట వానకి కంకర కొట్టుకుపోయి పెద్ద రాళ్ళు బయటపడి ఉన్నాయి. ముందు చక్రం ఒక రాయికి గట్టిగా కొట్టుకుంది. బుస్సుమని చప్పుడు. హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. కళ్ళజోళ్ళాయన కాలు ఆనించి నిలదొక్కుకునే లోపలే బావమరిది తన సైకిలు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"కూర్చో బావా! కూర్చో! ఊపిరి తీసుకో!" మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చీ రాగానే బావ మణికట్టు పట్టుకున్నాడు.

"పోయింది టైర్లో గాలిరా. నా నాడి పట్టుకుంటావేంటి?"

ట్యూబు బయటికి లాగి చూస్తే పక్కపక్కనే రెండు చిల్లులు. బావమరిది బుర్ర గోక్కున్నాడు. "గాలి మరీ తక్కువై రిమ్ముకీ రాయికీ మధ్య నలిగింది. అయినా ఇంత ఎలా తగ్గింది? నేను తీసింది కొంచెమే..."

"నువ్వు తీశావా?"

"ఇందాక స్తంభాల దగ్గర. నువ్వు బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడు." ఇంతలో అతనికి అనుమానం వచ్చింది. ఫోను తీశాడు. "అక్కా, పొద్దున బావ సైకిలు ముట్టుకున్నావా?"

 అవతల నుంచి అక్క గొంతు సన్నగా వినిపించింది. "కొంచెమేరా. మెత్తగా పోతుందన్నావుగా."

ఇన్నాళ్ళ నుంచి కడుపులో ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది కళ్ళజోళ్ళాయనకి. "నా సైకిలు! నన్నడగరా? నేనేమన్నా చంటిపిల్లాడినా? ఇంట్లో గడియ పెట్టుకోనివ్వరు, పెట్టె ఎత్తనివ్వరు, ఉప్పెక్కువైందంటే ఔనంటారు! మీ అక్కా నువ్వూ కలిసి నన్ను దూదిలో చుట్టి బీరువాలో పెట్టండి, పోనీ!" తను తీసిన గాలి మాట ఎత్తలేదు. ఎత్తితే కోపం చల్లారిపోతుంది, అది ఆయనకి ఇష్టం లేదు.

"చచ్చిపోతావేమోనని!" అని అరిచాడు బావమరిది. పొలంలో పిట్టలు లేచిపోయాయి. "అందుకే తీశాను గాలి! ఆ రోజు ఆసుపత్రిలో అక్క నా చొక్కా పట్టుకుని ఎలా వణికిపోయిందో నీకేం తెలుసు? నువ్వు లోపల హాయిగా మత్తులో పడుకున్నావు! చూసినవాళ్ళం మేం! నీ మీద జోకు వేద్దామని నోరు తెరిస్తే నాకు ఏడుపొస్తోంది, తెలుసా?"

 బావమరిది తన సంచిలోంచి కొత్త ట్యూబు తీసి వేశాడు గానీ, పంపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోళ్ళాయన చెయ్యి చాపాడు. "నేను కొడతాను."

"కొట్టుకో! నీ సైకిలు, నీ గుండె, నీ ఇష్టం." పంపు విసురుగా చేతిలో పెట్టి, తన సైకిలెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

కళ్ళజోళ్ళాయన పొంగిపోయాడు. అచ్చం పాత బావమరిది. గాలి కొట్టడం మొదలుపెట్టాడు. పంపు నొక్కినప్పుడల్లా ఎముక కలుక్కుమంటోంది. నాలుగు సార్లు కొట్టడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం. ఆగినప్పుడు చుట్టూ ఎవరూ లేరు. ఇంతకాలం కోరుకున్నది ఇదే. అయినా నొప్పి పుడితే "ఏమండీ" అనే గొంతు కోసం చెవులు వెతికాయి. ఆయనకి సిగ్గేసింది. వాళ్ళిద్దరూ అడిగీ అడగ్గానే తీశామని ఒప్పుకున్నారు. అందరికంటే ముందు తీసింది తను.

మిగిలిన దారి నింపాదిగా తొక్కాడు. అవతలి స్తంభాల దగ్గర కారు ఆపి ఉంది. బావమరిది మొహం మాడ్చుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. భార్య ఎదురొచ్చింది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదేనండీ. తెలిసీ తెలియని పని చేశాను. మీరు పడి ఉంటే..." అంది.

ఊరుకుంటే సరిపోయేది. ఇంటికెళ్ళాక పెట్టెలు ఎత్తనిచ్చేవాళ్ళు, గడియ కూడా వేసుకోనిచ్చేవాళ్ళేమో. కళ్ళజోళ్ళాయన సైకిలు స్తంభానికి ఆనించాడు.

"ముందు తీసింది నేను. మీరు లేవకముందే."

"మీరా? ఎందుకు?"

"నొప్పిగా ఉంటుంది."

"ఎక్కడ? ఎప్పటి నుంచి?"

"ఎముక దగ్గర. ఆపరేషన్ అయినప్పటి నుంచీ తగ్గలేదు. చెప్తే కంగారు పడతావని."

భార్య ఒక్క క్షణం ఆయన వంక చూసింది. ఆ తర్వాత మొదలైంది. "మీకసలు బుద్ధుందా? డాక్టరు అడిగితే తలకాయ అడ్డంగా ఊపి వచ్చారా? రాత్రంతా పక్కన పడుకుని మీ ఊపిరి వింటూ ఉంటే, మీరు నొప్పి మింగి గురకపెట్టినట్టు నటించారా? నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు, ఆ సైకిలుకా? కంగారు పడతానట! పడతాను! అది నా పని! సోమవారం పొద్దున్నే డాక్టరు దగ్గరికి నడవండి, మాట్లాడారంటే ఊరుకోను!"

దారిన పోయే సైకిళ్ళవాళ్ళు ఆగి చూస్తున్నారు. రాయి మీద బావమరిది, "ఇంకా గట్టిగా అక్కా, ఈయనకి వేసిన కొత్త ట్యూబు నాది," అన్నాడు. కళ్ళజోళ్ళాయన స్తంభానికి ఆనుకుని ఒక్కో తిట్టూ ఇష్టంగా విన్నాడు. 

భార్య దగ్గరికొచ్చి చొక్కా మీద అరచెయ్యి పెట్టింది. "ఇక్కడా?"

"కొంచెం పైన."

ఆవిడ చెయ్యి పైకి జరిపి అక్కడే ఉంచింది. తిట్టడం మాత్రం ఆపలేదు.