మొదటి వత్తి నుంచి లెక్క

ఎల్లయ్య నెత్తురు సున్నపురాయి మీద ఇంకా ఆరనే లేదు, సూపర్‌వైజర్ జయకృష్ణ తీర్పు చెప్పేశాడు: "తాగొచ్చాడు, తూటా పేలేలోపు పైకి పరిగెత్తలేకపోయాడు." చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడా?

ధనలక్ష్మికి తెలుసు. ఎల్లయ్య జన్మలో మందు ముట్టి ఎరగడు. దాచేపల్లి పక్కన ఈ క్వారీలో ఆమె రాళ్ళు మోస్తుంది. బండలో తొలిచిన బొక్కల్లో కూరిన పేలుడు తూటాల వత్తులు ఒకప్పుడు ఆమె తండ్రి బసవయ్య అంటించేవాడు, ఈమధ్య ఎల్లయ్య. ఇక ఆ పని వచ్చినవాడు బసవయ్య ఒక్కడే. అరవయ్యేళ్ళు, అరిగిన మోకాళ్ళు. మానేద్దామంటే ఉంటున్న గుడిసె క్వారీ వాళ్ళది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, వీళ్ళు ఆ గొయ్యిలోనే బతుకుతున్నారు. అందులోంచి పైకి దారి కూడా ఒక్కటే.

"మూడడుగుల వత్తి, తొంభై సెకన్లు. చానా టైముంది," అన్నాడు జయకృష్ణ. "ఎల్లుండి ఎనిమిది బొక్కలు పేల్చాలి."

పదో తరగతి పాసైన ధనలక్ష్మి వత్తి ముక్కలు అంటించి ఫోన్లో టైము చూసింది. అడుగుకు ముప్పై సెకన్లు. రెండడుగులకు సరిగ్గా అరవై. వత్తి ఎవరి మొహమాటానికీ ఆగదు.

మూడోనాడు పొద్దున అందరి ముందూ బండ మీద బొగ్గుతో రాసింది.

"సారు ఆఖరి వత్తి కాణ్నుంచి లెక్కేత్తన్నాడు. ముందు పేలేది మొదటిది. ఒక్కోటి అంటించడానికి పది సెకన్లు. నాలుగు బొక్కలప్పుడు నలభై పోను యాభై మిగిలేయి, వయసోళ్ళు ఎక్కేవోళ్ళు. మొన్న ఆరు చేశారు, ముప్పై మిగిలినయ్. ఎల్లయ్యన్న సగం దారిలోనే ఉన్నాడు."

"ఇయ్యాల ఎనిమిదికి?" అంది ఎల్లయ్య తల్లి పిచ్చమ్మ.

"పది సెకన్లు, పెద్దమ్మా."

ఇన్నేళ్ళూ ఆ దొంగలెక్క నమ్మినందుకు అందరికీ సిగ్గేసింది.

"మరెంత వత్తి కావాలమ్మా?" అన్నాడు డ్రిల్లింగ్ చేసే ఖాసిం.

"అదే ఎక్స్ అనుకో, బాబాయ్. అంటించడానికి ఎనభై, మా నాన్న ఎక్కడానికి తొంభై, బండ చాటుకు పోవడానికి పది. ముప్పై ఎక్స్ ఈజీక్వల్టు నూట ఎనభై. ఎక్స్ ఆరు."

"ఆరడుగులియ్యందే అంటించేది లేదు," అన్నారు నలభై మంది.

జయకృష్ణ ఫోన్ చేస్తే పోలీసు జీపు క్వారీలోకి దిగింది.

"ఏమే, ఎవరు నేర్పారే నీకీ లెక్కలు?" అన్నాడు ఎస్సై.

"సర్కారు బడి, సార్."

పని ఆపించిందని ఆమెను జీపెక్కించారు. పైకెక్కుతున్న జీపులోంచి తిరిగి చూసింది. జయకృష్ణ బసవయ్య చేతిలో అగ్గిపెట్టె కుక్కుతున్నాడు. తండ్రి తల వంచుకుని మొదటి బొక్క వైపు కుంటుతూ నడిచాడు. నాన్న అంటించేస్తాడు.

బసవయ్య అగ్గిపెట్టె జేబులో వేసుకుని ఆ బొక్క మీదే కూర్చున్నాడు. రెండోదాని మీద పిచ్చమ్మ. మూడోదాని మీద ఖాసిం. ఎనిమిదీ నిండాయి. మిగిలినవాళ్ళు చుట్టూ చతికిలపడ్డారు. అందర్నీ పైకి పొమ్మనే సైరన్ మోగింది. ఒక్కరూ లేవలేదు.

"నువ్వే దిగొచ్చి అంటించుకో, సారూ," అంది పిచ్చమ్మ. "మేం ఈడనే ఉంటాం."