చప్పుడు లేని వీధి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, పాపం, అద్దె ఇల్లు వెతికి చూడలేదు. చూసి ఉంటే ఆ రెండూ కొట్టేసి ఇదొక్కటే చెప్పి ఊరుకునేవాడు.

బదిలీ కాగితం చేతికి వచ్చిన రోజు నుంచి ఆ నర్సు పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. చిన్న ఊరి ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు చేసిన మనిషిని నగరంలోని పెద్దాసుపత్రిలో అత్యవసర వార్డుకు పెద్ద నర్సుగా వేశారు. నెల రోజులు గడువు. ఒంటి మనిషైతే ఏ గదిలోనో తలదాచుకునేది. కాని వెంట తమ్ముడున్నాడు.

తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. ముప్పై ఆరేళ్ళవాడు. పేముతో కుర్చీలు అల్లుతాడు, అతని చేతిలో పడిన కుర్చీ మరో పదేళ్ళు మనిషిని మోస్తుంది. అమ్మానాన్నా పోయాక అక్కే అతనికి అన్నీ. అలాగని ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించాలనుకుంటే పొరపాటే. పొద్దున్నే కర్ర తీసుకుని ఒక్కడే తన కుర్చీల కొట్టుకు వెళ్ళేవాడు, ఒక్కడే వచ్చేవాడు. దారిలో టీ తాగేవాడు, మంగలి దగ్గర కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చి అక్క చెవిలో పోసేవాడు. కొత్తవాళ్ళెవరైనా జాలిపడి చెయ్యి అందిస్తే, "దారి తప్పారా అండీ? రండి, నేను దింపుతాను" అనేవాడు. అవతలివాళ్ళు తెల్లమొహం వేసేవారు.

నగరంలోనూ వాడలాగే ఒక్కడే తిరగాలి. ఆమెకు కావలసింది అంతే. ఇల్లు ఇరుకైనా సరే, తను రెండు బస్సులు మారాల్సి వచ్చినా సరే, వాడి కాళ్ళకు సంకెళ్ళు పడకూడదు.

"నన్నూ తీసుకెళ్ళక్కా. వీధులు నేనూ చూస్తాను" అన్నాడు తమ్ముడు.

"ఎండలో నువ్వెందుకురా? రోజంతా తిరగాలి. నేను చూసొస్తాగా."

"సరేలే. నువ్వు చూస్తే నేను చూసినట్టే."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. పాపమంతా ఆమెదీ కాదు, ప్రేమ ఎక్కువైన చోట అడగడం తక్కువవుతుంది.

ఆమె చూపు నర్సు చూపు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క సంగతి గట్టిగా నేర్చుకుంది, చప్పుడు రోగికి శత్రువని. వార్డులోకి చుట్టాలు గుంపుగా వస్తే తరిమేది. ట్రాలీ చక్రం కిచకిచలాడితే పని ఆపి మరీ నూనె వేయించేది. వెనకాల అందరూ ఆమెను "ఉష్ సిస్టర్" అనేవారు. ఆ సంగతి తెలిసినా ఏమీ అనేది కాదు. పైగా లోలోపల కాస్త గర్వం కూడా.

ఇళ్ళ వేటలోనూ అదే పద్ధతి. ఏజెంటు చూపించిన ప్రతి వీధిలో మలుపు దగ్గర నిలబడి, నాడి చూసినట్టు చేతిగడియారం చూసుకుంటూ నిమిషానికి ఎన్ని హారన్లు మోగుతున్నాయో లెక్కపెట్టేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏజెంటు పాతికేళ్ళుగా అదే పనిలో ఉన్నవాడు. నీళ్ళు చూసేవాళ్ళను చూశాడు, గాలీ వెలుతురూ చూసేవాళ్ళను చూశాడు గాని, ఇలాంటి మనిషి అతనికీ కొత్తే.

బస్సు డిపో పక్క పేట నిమిషానికి ఇరవై మూడు హారన్ల దగ్గరే తేలిపోయింది. రెండోది పిండిమర వీధి. మర పైన రెండు గదులు. కింద మర గిరగిరా తిరుగుతోంది, పక్కన రేకుల కొట్టులో సుత్తి దెబ్బలు, ఎదురుగా సైకిళ్ళు బాగుచేసేవాడు గాలి కొడుతూ ఎవరినో తిడుతున్నాడు. మరావిడ మంచి మనిషి, లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చింది. నర్సు గది చూడకుండానే చెవులు మూసుకుని బయటపడింది.

మూడోది ఊరి అంచున కొత్తగా వేసిన పేట. ఎత్తు గోడలు, పచ్చిక అంచులు, మెత్తటి నల్లరోడ్డు, చంద్రవంకలా తిరిగే వీధులు. ఐదు నిమిషాలు నిలబడితే ఒక్క హారను వినబడలేదు.

"చీమ చిటుక్కుమన్నా తెలుస్తుందమ్మా ఇక్కడ. మీరు వెతికేది ఇదే" అన్నాడు ఏజెంటు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే సంతకం పెట్టింది.

సామాను దింపిన సాయంత్రం తమ్ముడు గుమ్మం మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. తల కాస్త పక్కకు వంచి ఉంది.

"అక్కా, ఈ వీధిలో మనుషులున్నారా?"

"ఎందుకుండరురా? అంతా నెమ్మదస్తులు."

"ఓహో" అన్నాడు.

వారం రోజులు ఆమె సెలవు పెట్టి దారి చూపించింది. గేటు నుంచి దుకాణం దాకా, దుకాణం నుంచి పార్కు దాకా. ఎనిమిదో రోజు, "దారి వచ్చేసిందక్కా, ఇక నువ్వు డ్యూటీకి పో" అన్నాడు. ఇంట్లో కూర్చుని కుర్చీలు అల్లుతున్నాడు, కుర్చీలు కొనేవాళ్ళ వ్యాను వచ్చి అల్లినవి తీసుకుపోతోంది. రోజూ సాయంత్రం ఆమె బూట్లు విప్పుతూనే అడిగేది.

"ఇవాళ బయటికెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఎలా ఉంది?"

"హాయిగా ఉంది."

నొప్పి లేదన్న రోగి మాట ఆమె ఏనాడూ నమ్మలేదు, దుప్పటి తీసి ఒళ్ళు నొక్కి చూస్తే గాని వదిలేది కాదు. తమ్ముడి మాట మాత్రం ఐదు నెలలు నమ్మింది. తను ఎంచిన వీధి కదా, ఆ మాట వినడానికి ఆమెకూ హాయిగానే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున ఎదురింటి టీచరమ్మ గేటు దగ్గర ఆపింది. ఉద్యోగం మానేసిన పెద్దావిడ, ఎవరి జోలికీ పోదు.

"మీ తమ్ముడి గురించి ఓ మాట అమ్మా. చెప్పొద్దన్నాడు. కాని నా మనసొప్పడం లేదు."

"ఏమైందండీ?"

"మీరొచ్చిన కొత్తల్లో ఆ వంపులో బ్యాటరీ కారొకటి అతన్ని రాసుకుంటూ పోయింది. వాటికి చప్పుడుండదు కదా. అద్దం మోచేతికి తగిలి పడిపోయాడు. నేనే లేపాను. మా అక్క ఎంతో వెతికి తీసుకున్న ఇల్లు, తెలిస్తే కుమిలిపోతుంది, చెప్పకండని చేతులు పట్టుకున్నాడు. అప్పటి నుంచి గేటు దాటి పోవడం నేను చూడలేదు. రోజూ శుభ్రంగా తయారై, కర్ర పట్టుకుని, గేటు దగ్గర ఓ గంట నిలబడతాడు. తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు."

నర్సుకు తల కొట్టేసినట్టయింది. ఏం జవాబు చెప్పిందో, ఎలా లోపలికి వచ్చిందో ఆమెకే తెలియదు. తమ్ముడు నేల మీద కూర్చుని పేము తడుపుతున్నాడు.

"మోచెయ్యి చూపించు."

చెయ్యి చాచాడు. ఎముక దగ్గర పాత మచ్చ. ఐదు నెలలుగా అన్నం పెడుతున్న చేతులు, ఆ చొక్కా ఉతుకుతున్న చేతులు, ఆ మచ్చ చూడనే లేదు.

"ఎందుకు చెప్పలేదురా?"

"ఏం చెప్పనక్కా? నువ్వు గడియారం పట్టుకుని తిరిగావట, ఏజెంటు చెప్పాడు. నా కోసం అంత చేశావు. ఇక్కడ నా చెవికి ఏదీ ఆనదని చెప్తే నీ మనసేమవుతుంది?"

"ఆనదంటే?"

"మనూళ్ళో రంపం చప్పుడు కుడి వైపుంటే వడ్రంగి కొట్టు దాటినట్టు. టీ కొట్టు గ్లాసులు వినబడితే ఎడమకు తిరగాలి. మంగలి రేడియో వస్తే ఇంకో నలభై అడుగులకు మన కొట్టు. ఇక్కడేముంది? గేటు దాటి నాలుగడుగులేస్తే నేనెక్కడున్నానో నాకే తెలియదు. నూతిలో దింపినట్టుంటుందక్కా."

ఆమె తమ్ముడి పక్కనే నేల మీద కూలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు అతనికి వినబడకుండా పోతుందా? తడి చేత్తో ఆమె వీపు నిమిరాడు.

"ఊరుకో. నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

అడిగితే తెలిసేది. ఆ ముక్క ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

మర్నాడు సెలవు పెట్టి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పిండిమర వీధికి వెళ్ళింది. ఆమె అదృష్టమో ఏమో, పై గదులు ఆ వారమే మళ్ళీ ఖాళీ అయ్యాయి. మరావిడ ఆమెను గుర్తుపట్టి, "చెవులు మూసుకు పారిపోయిందానివి, మళ్ళీ వచ్చావేమ్మా?" అని నవ్వింది. ఆమె మాత్రం తమ్ముడి ముఖమే చూస్తోంది. ఐదు నెలల తర్వాత ఆ ముఖంలోకి నెత్తురు వచ్చింది.

"ఇది మర. అది రేకుల కొట్టు. అవతల ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ఆ మూల గ్లాసులు కడుగుతున్నారంటే టీ కొట్టే కదా అక్కా?"

"టీ కొట్టేరా! ఎలా పట్టావు?"

తప్పు దిద్దుకున్నాననిపించింది ఆమెకు. ఇంత సులువా అని కూడా అనిపించింది. అతని చేతిలో ఉన్న తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"వెళ్ళు. నువ్వొక్కడివే వెళ్ళి టీ తాగి రా. నేనిక్కడే ఉంటాను. తొందరేం లేదు."

అతను కర్ర సర్దుకున్నాడు. ఒక అడుగు, రెండు, మూడు. ఆగిపోయాడు.

"అక్కా, ఉన్నావా?"

ముప్పై ఆరేళ్ళలో అతను ఆ మాట అడగడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఉన్నాన్రా. వెళ్ళు."

ఇంకో అడుగు వేశాడు. దారికి అడ్డంగా ఏమీ లేదు. ఒక సైకిలు గంట కొట్టుకుంటూ దూరంగానే పోయింది. దానికే అతని ఒళ్ళంతా ఉలిక్కిపడింది, మోచెయ్యి కడుపులోకి ముడుచుకుంది. టీ కొట్టు పది అడుగుల్లో ఉంది. గ్లాసులు ఖణఖణమంటున్నాయి, అతనికి వినబడుతూనే ఉన్నాయి, ఎటు వెళ్ళాలో తెలుస్తూనే ఉంది. కాళ్ళే కదలలేదు.

"ఉన్నావా అక్కా?"

"ఉన్నాను!" అని అరిచింది. అప్పుడే ఒక్కసారిగా పెరిగిన మర హోరులో అది అతనికి అందలేదు. కర్ర పట్టని చేతిని గాలిలో చాచి, వెతుకుతూ, నడివీధిలో అలా నిలబడిపోయాడు.

ఆమె పరుగున వెళ్ళి ఆ చెయ్యి అందుకుంది. చెమటతో తడిసి చల్లగా ఉంది. ఇల్లు మార్చుకోవచ్చు, వీధి మార్చుకోవచ్చు, ఈ చేతిలోకి తను ఎక్కించిన భయాన్ని ఏ వీధిలో దించాలో ఆమెకు తెలియలేదు.

"పద, ఇద్దరం కలిసి వెళ్దాం" అంది.

అతను సరేనన్నాడు. టీ కొట్టు దాకా ఆ చెయ్యి వదల్లేదు. బల్ల మీద కూర్చున్నాక కూడా వదల్లేదు. టీ రెండో చేత్తో తాగాడు.