మాస్టారు చదవని పేరా

కొత్త కంప్యూటర్ వచ్చాక దూరవిద్య కేంద్రంలో మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. విద్యార్థులు పంపే జవాబుల్ని కృత్రిమ మేధ చదివి, తప్పొప్పులు చూపి, కింద ఆయన పేరు మీద నాలుగు మంచి మాటలు రాసిపెట్టేది. అన్నీ ఒకసారి చూసుకుని ఆయన "సరే" నొక్కాలి, అదీ నియమం. మొదటి వారం పొల్లుపోకుండా చదివాడు. దాని రాత తన రాతకంటే బాగుందని తేలాక చదవడం మానేసి, నొక్కడం ఒక్కటే పెట్టుకున్నాడు. రోజుకి రెండొందల సరేలు. "మీ వేలికి డాక్టరేట్ ఇవ్వాలండీ" అని పక్క సీటు గుమాస్తా ఆటపట్టిస్తే పళ్ళికిలించేవాడు కూడాను.

ఏడాది గడిచింది. పరీక్షల మొదటి రోజు పొద్దున్నే ఒకావిడ కోడలి చెయ్యి పట్టుకుని, గుమ్మం తడుముకుంటూ లోపలికొచ్చింది. ఆస్పత్రిలో ఆయా. రోగుల పక్కలు మారుస్తూనే మూడేళ్ళుగా బి.ఏ. చదువుతోంది. ఇదే ఆఖరి ఏడాది.

"మాస్టారూ, నా తరఫున పరీక్ష రాసిపెట్టే మనిషి ఏ గదిలో ఉంటారండీ?"

"ఏ మనిషమ్మా?"

"పన్నెండో జవాబు చివర రాశాను కదండీ. చూపు పోతోంది, పరీక్షలనాటికి అక్షరం కనబడదన్నారు డాక్టరుగారు, ఎవర్నైనా ఇప్పించండి అని. బెంగ వద్దు, ధైర్యంగా పరీక్షకి రండి అన్నారు మీరు. డిగ్రీ వస్తే ఆస్పత్రి విచారణ కౌంటర్లో కూర్చోబెడతారట, ఫలితాలొచ్చేదాకా ఆగుతారట. పరీక్ష రాయకపోతే, చూపులేని ఆయా ఎందుకని ఈ నెలాఖరుకి నన్ను తీసేస్తారండీ."

మాస్టారు గబగబా వెతికి ఆ జవాబు తీశాడు. ఆవిడ చెప్పిన పేరా ఉంది, కింద ఆ ధైర్యవచనమూ ఉంది. నెపం కంప్యూటర్ మీదికి నెట్టేద్దామనుకున్నాడు, మనిషే కదా! కానీ పక్కనే ఎర్రటి అక్షరాల్లో అది రాసిపెట్టే ఉంచింది: "చివరి పేరా పాఠం గురించి కాదు. మీరు స్వయంగా చదివి నిర్ణయించండి." దాని కింద తను నొక్కిన "సరే".

పరుగున వెళ్ళి పరీక్షల సూపరింటెండెంటు కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. తప్పు తనదేనని రాసిస్తానన్నాడు. "రాసిపెట్టే మనిషి కోసం దరఖాస్తు గడువు దాటి నెలయిందండీ. నా చేతుల్లో లేదు. వచ్చే ఏడాది రాసుకోమనండి," అన్నాడాయన.

తిరిగొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"అమ్మా, నేను మీ జవాబు చదవలేదు. ఆ మాటలు కంప్యూటర్ రాసింది. చూడకుండా ఒప్పేసుకున్నాను."

"చదవకుండా జీతమెలా తీసుకుంటారండీ!" కోడలు భగ్గుమంది. ఆవిడ కోడలి చెయ్యి నొక్కి ఆపింది.

"మరి ముందటి పదకొండూ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "మొదటిది ఒక్కటీ చదివాననుకుంటానమ్మా."

ఆవిడ గుమ్మం వైపు తిరిగింది.

"డ్యూటీకెళ్ళే ముందు మీ మాటలు మళ్ళీ మళ్ళీ చదివించుకునేదాన్ని. నన్ను 'బాగా రాశారు' అన్న మనిషి ఈ లోకంలో మీరొక్కరే అనుకున్నానండీ."

పరీక్ష గంట కొట్టారు. వరండాలో అందరూ గదుల వైపు పరుగెత్తుతున్నారు.

"పదమ్మా," అంది కోడలితో. "మధ్యాహ్నం డ్యూటీ ఉంది. నెలాఖరుదాకా రమ్మన్నారుగా."