మొదటి మాట నోటిదా, చేతిదా

వియ్యంకులన్నాక ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమనడం లోకంలో ఉన్నదే. కానీ ఆ ఇంట్లో వియ్యంకులిద్దరూ మర్యాదల గురించో పెట్టుపోతల గురించో కొట్టుకునేవాళ్ళు కాదు. మనిషికి భాష ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీద కొట్టుకునేవాళ్ళు. అదీ భోజనాల బల్ల దగ్గర, వడ్డించిన కూర చల్లారిపోతూ ఉండగా. వినీ వినీ కోడలికి తలప్రాణం తోకకొచ్చేది.

మామగారిని అందరూ వేదాంతి అంటారు. సాయంత్రాలు ప్రార్థనా మందిరంలో ప్రసంగాలు చేస్తాడు. "దేవుడు ముందు మాటన్నాడు, తర్వాతే లోకం పుట్టింది. ఆ మాటనే మనిషి నోట్లో పెట్టాడు. వాక్కంటే దైవదత్తం బావగారూ!" అనేవాడు. కోడలి తండ్రి కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. భార్య పోయాక కింది వాటాలోకి మారి, రెండు పూటలా భోజనానికి పైకి వస్తాడు. "దత్తమూ లేదు, పుత్రుడూ లేడు. మనిషి మొదట చేతులతో మాట్లాడాడు. చేతుల్లోకి రాతి పనిముట్టు వచ్చాక, ఊరికే ఉన్న నోటికి ఆ పని అప్పగించాడు. అంతే!" అని బల్ల గుద్దేవాడు. బల్ల కోడలిది, గుద్దులు ఈయనవి.

వీళ్ళిద్దరి ఒక్కగానొక్క మనవరాలు చిట్టికి అయిదేళ్ళు. పుట్టు చెవుడు. పుట్టాక ఒక్క మాట విన్నది లేదు, అన్నది లేదు. చెవి మిషను పెట్టి చూశారు, లాభం లేక తీసేశారు. లోపలి నరమే సరిగ్గా ఏర్పడలేదు, ఆపరేషన్ చేసినా వినబడదని ఇద్దరు డాక్టర్లు తేల్చేశారు. రెండో డాక్టరు మాత్రం లేచి గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పాడు: "చేతి భాష నేర్పించండమ్మా. ఏదో ఒక భాష ఈ వయసులోనే పట్టుబడాలి. దాటిపోయిందా, ఇక ఏదీ పూర్తిగా రాదు."

ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగబడింది. రెండు వీధులవతల చెవిటి పిల్లల బడి ఉంది. వెళ్ళి టీచరుతో మాట్లాడి వచ్చి, భోజనాల దగ్గర సంగతి చెప్పింది. ఒకరు కాదంటే రెండోవారు ఔనంటారు కదా, ఇన్నాళ్ళూ జరిగిందదే కదా అనుకుంది పాపం.

ఉప్పూ నిప్పూ ఒక్కటయ్యాయి.

"వద్దమ్మా. చేతులతో సరిపెట్టేసుకున్నామంటే, దేవుడు ఇవ్వబోయేదాన్ని మనమే వద్దన్నట్టు. నోరు ఆయనే తెరిపిస్తాడు," అన్నాడు వేదాంతి.

"ఈసారికి బావగారు చెప్పింది కరెక్టేనమ్మాయ్! కారణమే తప్పు," అన్నాడు ప్రొఫెసరు. "చేతి భాష నిచ్చెనలో కింది మెట్టు. మనిషి జాతి అంతా కష్టపడి పైకెక్కితే, నువ్వు పిల్లని మళ్ళీ కిందకి దింపుతానంటావేంటి? చేతులకి పని లేకుండా చెయ్యి. నోరు దానంతటదే పనిలోకి దిగుతుంది. సిద్ధాంతం అదే."

అలా దైవమూ శాస్త్రమూ కలిసి ఇంట్లో ఒక రూలు పెట్టాయి. చిట్టి ముందు అందరూ చేతులు కట్టుకునే మాట్లాడాలి. చిట్టి చేత్తో అడిగితే ఏదీ ఇవ్వకూడదు. నోటితో ఏదో ఒక చప్పుడు చేస్తేనే ఇవ్వాలి. భర్తనడిగితే, "మా నాన్న చెప్పిందాంట్లోనూ నిజముంది, మీ నాన్న చెప్పిందాంట్లోనూ నిజముంది," అన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పైకీ కిందికీ తిరగడమే తప్ప ఏ అంతస్తులోనూ ఆగే మనిషి కాదు.

ఆమె సరేనంది. తప్పంతా అక్కడే ఉంది. ఆ ఇద్దరూ ఒకే మాట అనడం జీవితంలో అదే మొదటిసారి కాబట్టి అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుందని నమ్మింది.

ఆమెది పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. పొద్దుటి నుంచి మైనం కరిగించి, ప్లాస్టరు అచ్చులు చెక్కి, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేస్తుంది. ఇంటికొచ్చి కన్నబిడ్డ ముందు చేతులు చంకల్లో దోపుకుని, నోరు బార్లా తెరిచి "నీ...ళ్ళు" అనాలి. అంతకుముందు తల్లీకూతుళ్ళకి వాళ్ళ లెక్కలు వాళ్ళకుండేవి. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్ళు. బుగ్గ మీద చెయ్యి వేస్తే నిద్ర. వంటింటి కిటికీలోంచి దూకే పిల్లికి రెండు వేళ్ళు వంచి చూపించేది చిట్టి. అది ఎవరూ నేర్పింది కాదు, దాని సొంతం. ఇప్పుడు పిల్ల బొటనవేలు ఎత్తితే తల్లి మొహం తిప్పుకోవాలి. తిప్పుకునేది. వంటింట్లోకెళ్ళి పళ్ళు నూరుకునేది.

రూలు పెట్టినవాళ్ళకి మాత్రం రూలు లేదు! వాదన ముదిరితే ఇద్దరి చేతులూ గాల్లోనే. చిట్టి అన్నం మానేసి ఆ చేతులనే కళ్ళార్పకుండా చూసేది. ఒకరోజు కోడలు ఉండబట్టలేక, "మామయ్యగారూ, చేతులు!" అంది. వేదాంతి గబుక్కున చేతులు కట్టుకున్నాడు. ఆపైన ఎంత పెనుగులాడినా వాక్యం ముందుకు కదలలేదు. ఇంకోరోజు ప్రొఫెసరు, "మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే బావగారూ!" అని నాలుక్కరుచుకున్నాడు. ఆ పూట ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఎండలు పోయి చలి వచ్చింది. చిట్టికి నోరు రాలేదు. బడి నుంచి టీచరు కబురు పెట్టింది: "ఆదివారం కూడా మాకు బడి ఉంటుంది, ఆ పొద్దున దాకా చూస్తానమ్మా. ఆపైన చిట్టికి అట్టేపెట్టిన చోటు ఇంకో పిల్లకి ఇచ్చేస్తాను. ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఆదివారం పొద్దున్నే లైబ్రరీ హాల్లో సభ. 'భాష పుట్టుక: మతం ఏమంటుంది, శాస్త్రం ఏమంటుంది'. వక్తలు వియ్యంకులిద్దరే. "రేపే ఆఖరండీ," అని శనివారం భర్తతో అంది. "రేపు సభ కదా, అదయ్యాక చూద్దాంలే," అన్నాడు. ఏది అయ్యాక ఏది చూస్తాడో ఆయనకే తెలియాలి.

ఆమె, భర్త, చిట్టి ముందు వరసలో కూర్చున్నారు. హాలు కిటకిటలాడుతోంది, చలికాలమైనా ఒకటే ఉక్క. వేదాంతి మైకు పట్టుకుని వాక్కు మహిమ ఎత్తుకున్నాడు. చిట్టి వేదిక మీది గ్లాసుకేసి చూస్తోంది. పెదాలు తడుపుకుంటోంది, గుటకలు మింగుతోంది. దాహమని తల్లికి అర్థమైంది. సంచిలో నీళ్ళ సీసా ఉంది. పిల్ల బొటనవేలు ఎప్పుడు పైకి లేస్తుందా అని చూసింది. లేస్తే ఇవ్వకూడదు కదా, ఈసారి ఎవరేమన్నా ఇచ్చేస్తాననుకుంది.

వేలు లేవలేదు. చిట్టి రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. తల్లి వైపు తిరగనైనా లేదు. అడగవే, అడుగు తల్లీ అని ఆమె లోపల గింజుకుంది. రోజుకి యాభైసార్లు అదీ ఇదీ అడిగే పిల్ల, అడగడమే మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా తనకి తెలియలేదు. నోరు రాలేదు సరికదా, ఉన్న చెయ్యి కూడా పోయింది!

సీసా తీసిచ్చింది. చిట్టి ఆపకుండా ఆఖరి చుక్క దాకా తాగింది. తల్లి ఖాళీ సీసా సంచిలో పడేసి, పిల్లని చంకనెత్తుకుని లేచింది.

"ఎక్కడికమ్మా? ఇంకా మీ నాన్నగారి వంతు ఉంది," అన్నాడు వేదాంతి మైకులోనే. హాలంతా ఇటు తిరిగింది.

"భాష ఎలా పుట్టిందో మీరిద్దరూ తీరుబడిగా తేల్చుకోండి మామయ్యగారూ. మనింట్లో పుట్టినదాన్ని మాత్రం అందరం కలిసి పీక పిసికేశాం. నేను దాని సంగతి చూసుకోవాలి."

ప్రొఫెసరు కుర్చీలోంచి లేచాడు. "అది కాదమ్మాయ్, సిద్ధాంతం ప్రకారం..."

"సిద్ధాంతానికి దాహం వెయ్యదు నాన్నా!"

భర్త లేవబోయి, కూర్చోబోయి, మధ్యలో ఉండిపోయాడు. ఆమె ఆగలేదు. రెండు వీధులూ దాదాపు పరుగే.

బడి అంటే పెద్ద గది, పొట్టి కుర్చీలు, పది పన్నెండుమంది పిల్లలు. గదిలో గోలంతా చేతులదే. చిట్టి తలుపు దగ్గరే బిగుసుకుపోయి చేతులు వెనక్కి దాచుకుంది. ఒక పిల్ల వచ్చి దాని ముందు నిలబడి చేతులతో ఏదో అంది. ఇంకొకడొచ్చి ఏదో చూపించి వెక్కిరించాడు. చిట్టి కాసేపు చూసింది. తర్వాత ఒక చెయ్యి బయటికొచ్చింది. ఇంకాసేపటికి రెండోదీ వచ్చింది.

టీచరు బోర్డు మీద ఇల్లు బొమ్మ గీసి, అందులో మనుషుల్ని గీసి, మీ ఇంట్లో ఎవరెవరున్నారని కళ్ళతోనే అడిగింది. చిట్టి చూపుడు వేలు పైకెత్తి ఆకాశాన్ని పొడిచి, కళ్ళు మూసుకుని తల ఊపింది. అచ్చం వేదాంతే! తర్వాత లేని కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి బల్ల గుద్దింది. పిల్లలు పడీపడీ నవ్వారు. తల్లికీ నవ్వాగలేదు. ఓసి భడవా, అందరికీ పేర్లు పెట్టేసిందన్నమాట! ఇంట్లో ఒక్కరమైనా చూడలేదే అనుకుంది.

టీచరు తల్లిని చూపించి, ఈవిడెవరు అన్నట్టు కనుబొమలెత్తింది. జడ వేస్తున్నట్టు చూపిస్తుందో, ముద్దు పెడుతున్నట్టు చూపిస్తుందో అని తల్లి ఆశగా చూసింది.

చిట్టి తల్లిని ఒకసారి చూసి, రెండు చేతులూ చంకల్లో దోపుకుంది. మొహం పక్కకి తిప్పుకుంది. నోరు బార్లా తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది.

పిల్లలెవరూ నవ్వలేదు.

"ఏమిటమ్మా అది?" అంది టీచరు.

"నేనేనండీ. అది నా పేరు," అంది తల్లి. "దాన్ని మార్పించుకోవచ్చాండీ?"

"మన ఇష్టం కాదమ్మా. పెట్టేదీ వాళ్ళే, మార్చేదీ వాళ్ళే," అని టీచరు ఒక పొట్టి కుర్చీ ఇటు లాగింది. తల్లి పిల్లల మధ్య కూర్చుంది.