ఒక్కరికి గది కావాలి

"చెయ్యి కాస్త ఎడమకి జరుపు. ఆఁ, అలాగే. కప్పు నెమ్మదిగా పెట్టు. చాలు, ఇంక వెళ్లు."

సరస్సుకి ఎదురుగా ఉన్న ఆ మేడ ఇంట్లో ప్రతి రోజూ ఈ మాటలతోనే మొదలవుతుంది. చెప్పేది ఇంటాయన. చెయ్యి జరిపేది ఆయన భార్య. వరండాలో చిన్న బల్ల మీద టీ కప్పు పెట్టే రెండు చేతులు, వెనకాల నీళ్లు, నీళ్ల మీద పొద్దుటి ఎండ. ఇంటాయన దాన్ని ఫోన్లో తీసి, "మా ఇంటి ఉదయం మీ కోసం ఎదురుచూస్తోంది" అని రాసి పేజీలో పెడతాడు. చూసినవాళ్లు ఆ చేతుల్ని తెగ మెచ్చుకుంటారు. ఎంత ఆప్యాయతో అని ఒకరు, అలాంటి ఇంట్లో ఒక్క రోజు ఉన్నా చాలని ఇంకొకరు. ఆ చేతుల మనిషితో ఆ ఇంట్లో రోజు మొత్తమ్మీద మాట్లాడిన మాటలు పైన చెప్పినవేనని వాళ్లకి తెలిసే వీల్లేదు. వీడియో పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతుంది. పారబొయ్యడం ఇష్టం లేక ఆవిడే తాగేస్తుంది.

ఇంటాయన చెడ్డవాడని అనుకోకండి. బీమా కంపెనీ మూతపడి ఉద్యోగం పోయినప్పుడు ఆయన ఇల్లు అమ్ముకునే దాకా వచ్చాడు. మేడ మీది గదులకి రంగులు వేయించి, భార్య కుట్టిన తెరలు కట్టి, సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకిస్తామని ఫోన్లో ఒక పేజీ తెరిచాడు. మొదట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. తర్వాత కిటుకు తెలిసింది. అడిగినవాళ్లకి ఎవరు ముందు జవాబిస్తే బేరం వాళ్లదే. ఇక అప్పట్నుంచి ఫోన్ ఆయన అరచేతికి అతుక్కుపోయింది. పేజీలో పేరు కింద "వెంటనే జవాబిస్తారు" అన్న ముక్క కనిపించిన రోజున పసిపిల్లాడిలా మురిసిపోయాడు. వీధిలో వాళ్లు ఆయనకి "చిటికె గారు" అని పేరు పెట్టారు. ఆ పేజీయే ఇల్లు నిలబెట్టింది, ఆ మాట ఎవరూ కాదనకూడదు.

కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఊరుకున్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి "మా అమ్మకి మోకాళ్ల నొప్పులండీ" అని రాస్తే, "అయ్యో, మీరేం కంగారు పడకండి, నేనే దగ్గరుండి మెట్లెక్కిస్తాను" అని జవాబిస్తాడు. అవే మెట్ల మీంచి భార్య ఉతకాల్సిన దుప్పట్ల మూట దించుతూ "ఏమండీ, కాస్త పట్టుకోండి" అంటే "ఊఁ" అంటాడు. తల మాత్రం ఎత్తడు. అన్నం దగ్గర ఫోన్ పళ్లెం పక్కనే ఉంటుంది. ఆవిడ ఏదైనా చెప్పబోతే వేలు పైకెత్తి "ఒక్క నిమిషం" అంటాడు. ఆ నిమిషం ఎన్నడూ పూర్తయిన పాపాన పోలేదు.

పోనీ వచ్చే అతిథులతోనైనా నాలుగు మాటలు మాట్లాడదామంటే దానికీ ఆయన ఒప్పుకోడు. "వాళ్లు ప్రశాంతంగా ఉండడానికి వస్తారు. నువ్వెళ్లి కదిలించకు. ఏదైనా తేడాగా రాశారంటే పేజీ పరువు పోతుంది" అంటాడు. అందుకని ఆవిడ వాళ్లు బయటికి వెళ్లాక గది ఊడ్చి, వాళ్లు వచ్చేలోపు దిగిపోతుంది. తర్వాత కింద కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. తెరలు కుడుతూ తనలో తనే ఏదో అనుకుంటూ ఉంటుంది. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడుతుంది. నిండా మనుషులు వచ్చి పోయే ఇంట్లో అంత ఒంటరితనం ఉంటుందని చెబితే ఎవరు నమ్ముతారు?

ఒక మధ్యాహ్నం పై గదిలో కుళాయి ఊడి నీళ్లు చిమ్ముతున్నాయి. ఆవిడ కేకేసింది, ఆయన పలకలేదు. ఒక చేత్తో గుడ్డ అదిమి పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్లో "కుళాయి ఊడింది, ఒకసారి పైకి రండి" అని రాసి పంపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీలోంచి చూస్తే ఆయన వరండాలోనే కూర్చుని ఉన్నాడు. బొటనవేళ్లు చకచకా ఆడుతున్నాయి, మొహం నిండా నవ్వు. అతిథుల మెసేజీల కుప్ప కింద ఆవిడది ఎక్కడో పడి ఉంది. చివరికి నీళ్లు ఆవిడే ఎలాగో ఆపింది. తడిసిన బట్టలతో మంచం అంచున కూర్చున్నప్పుడు ఆవిడకి ఏడుపు వచ్చింది, దాని వెనకే ఒక చిలిపి పంతమూ వచ్చింది.

ఫోన్లో "ప్రయాణికురాలు" అని కొత్త పేరు పెట్టుకుంది. ఫొటో బదులు దారపుండ బొమ్మ పెట్టింది. తమ పేజీకే రాసింది: "ఒక్కరికి గది కావాలి. దొరుకుతుందా?"

ఫోన్ కింద పెట్టే లోపే జవాబొచ్చింది. "నమస్తే మేడమ్! మీలాంటివాళ్ల కోసమే కదా మా ఇల్లు. ఎప్పుడొస్తారో చెప్పండి చాలు."

ఆవిడ ఆ అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయన తనతో అంత తియ్యగా మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయి మానేసింది.

మర్నాడు మళ్లీ రాసింది. "గది సంగతి సరే. నేను ఒంటరిదాన్ని. సాయంత్రం పూట మాట్లాడ్డానికి మనుషులుంటారా?"

"భలేవారే మేడమ్! మా ఇంట్లో మాటలకి కరువా? నేనూ మా ఆవిడా మీతో కూర్చుంటాం. మా ఆవిడ మంచి మాటకారి. కబుర్లు మొదలుపెట్టిందంటే పొద్దే తెలియదు."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. తను మాటకారినని ఆయనకి గుర్తుంది. గుర్తుండి కూడా వినడం మానేశాడు. తెలియకపోయినా బాగుండేది అనుకుంది.

"మీ ఆవిడకి ఏదైనా తెద్దామనుకుంటున్నాను. ఆవిడకి ఏమంటే ఇష్టం?" అని అడిగింది.

చిటికె గారికి మొదటిసారి చిటికెలో జవాబు దొరకలేదు. రాస్తున్నట్టు కనిపిస్తుంది, ఆగిపోతుంది. మళ్లీ రాస్తున్నట్టు కనిపిస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. కాసేపటికి చెప్పుల చప్పుడయింది. ఆయనే లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమోయ్, నీకేమంటే ఇష్టం?"

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. సంబరంగా నవ్వింది.

"త్వరగా చెప్పవోయ్, అవతల గెస్ట్ అడుగుతోంది. జవాబు లేటయితే బాగుండదు."

ఆవిడ నవ్వు ఆరిపోయింది. "నాకూ గుర్తులేదండీ. ఏదో ఒకటి రాసెయ్యండి" అని పొయ్యి వైపు తిరిగింది. మరు నిమిషంలో ఆవిడ ఫోన్లో వచ్చి పడింది: "మా ఆవిడకి పూలంటే ప్రాణం మేడమ్!" పూల వాసనకి ఆవిడకి తలనొప్పి వస్తుంది.

అప్పుడే ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చింది. ఆదివారానికి గది ఖాయం చేసి, అక్కయ్యకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"పిచ్చిమొహమా, కట్టుకున్న మొగుడితో మాట్లాడ్డానికి గది అద్దెకి తీసుకున్నావా?" అక్కయ్య పకపకా నవ్వింది. అవతలి నుంచి నవ్వు వినిపించకపోయేసరికి తనూ ఆపేసింది. "నిజంగానేనా?"

"నిజమే అక్కా. ఆదివారం ఆయన వచ్చి నాతో కూర్చుని మాట్లాడితే సరే. లేదంటే సాయంత్రం బస్సుకి మీ ఇంటికి వచ్చేస్తాను. కుట్టుమిషను తర్వాత తెప్పించుకుంటాను."

"నీ మంచం సిద్ధంగానే ఉంటుందిలే" అంది అక్కయ్య.

ఆదివారం ఆవిడ తను దిగబోయే గదిని తనే తుడిచి, తను పడుకోబోయే దుప్పటి తనే ఇస్త్రీ చేసింది. కొట్టుదాకా వెళ్లొస్తానని చెప్పి చిన్న సంచీతో పెరటి తలుపు తీసింది. "త్వరగా వచ్చెయ్, గెస్ట్ వచ్చేసరికి టీ ఉండాలి" అన్నాడాయన ఫోన్లోంచి తలెత్తకుండానే. ఆవిడ ఇంటి వెనక సందులోంచి చుట్టూ తిరిగి ముందు గేటు దగ్గరికి వచ్చింది. అతిథి వచ్చే దృశ్యం వీడియో తీద్దామని ఆయన ఫోన్ పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"నువ్వా! పక్కకి తప్పుకో, గెస్ట్ వచ్చే వేళ. వీడియోలో పడతావు."

"పడనివ్వండి. ఆ గెస్టుని నేనే."

ఆయన ముందు నవ్వాడు. ఆవిడ తన ఫోన్ చూపించింది. దారపుండ బొమ్మ, దాని కింద ఆయనే రాసిన తియ్యటి మాటలన్నీ. ఆయన మొహం ఎర్రబడింది.

"ఇదేం వేళాకోళం! నీకోసం ఇవాళ వేరేవాళ్లని కాదన్నాను తెలుసా? ముందు దీన్ని క్యాన్సిల్ చెయ్యి."

"వచ్చిన రోజు క్యాన్సిల్ చెయ్యడానికి లేదని మీ పేజీలోనే ఉంది." ఆవిడ మొహంలో నవ్వు లేదు. "సాయంత్రం కూర్చుని మాట్లాడతామని కూడా మీరే రాశారు. బస్సు వచ్చేదాకా చూస్తాను. మీరు రాకపోతే అక్కయ్య దగ్గరికి వెళ్లిపోతున్నాను. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడక్కండి."

సంచీ పట్టుకుని ఆవిడ మేడ మెట్లెక్కింది. తలుపు వేసుకున్న చప్పుడు కింద దాకా వినిపించింది.

ఆయన వరండాలో కూలబడ్డాడు. మొదట కోపంగా, తర్వాత భయంగా, ఆ మెసేజీలన్నీ మళ్లీ చదివాడు. ఒంటరిదాన్ని అన్న మాట దగ్గర ఆగిపోయాడు. అప్పుడు తట్టి, భార్య అసలు పేరుతో పంపినవి వెతికాడు. కుళాయి సంగతి ఉంది. తలనొప్పిగా ఉంది, మాత్ర తెస్తారా అని ఉంది. అన్నం చల్లారిపోతోంది, లోపలికి రండి అని ఉంది. ఒక్కదానికీ జవాబు లేదు. ఊరందరికీ క్షణంలో పలికిన మనిషి ఇంట్లో మనిషికి ఇన్నాళ్లుగా పలకనే లేదు. ఆయన తల వాలిపోయింది.

అంతా తెలిసి కూడా పాడు అలవాటు పోలేదు చూడండి. పైకి వెళ్లే ధైర్యం లేక ఆయన మళ్లీ ఫోన్లోనే రాశాడు: "తప్పయిపోయింది. క్షమించు."

పైనుంచి జవాబొచ్చింది: "ఇది ఆ మేడమ్‌కా, నాకా? నాకైతే మెట్లెక్కి వచ్చి చెప్పండి."

ఆయన ఎక్కాడు. తన ఇంట్లో తన గది తలుపే పరాయివాడిలా తట్టాడు. ఆవిడ తీసింది. కుర్చీలో కూర్చున్నాడు గానీ, వేళ్లతో అంత గలగలా మాట్లాడే మనిషి బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. సరస్సు మీద ఎండ తగ్గుతోంది. జేబులో ఫోన్ ఒకసారి కదిలింది. ఆయన చెయ్యి అటు వెళ్లబోయి ఒళ్లోనే ఆగిపోయింది.

"తప్పు నాదే" అన్నాడు చివరికి. "ఏదైనా చెప్పు. వింటాను."

"ఏం చెప్పను? వానలప్పుడు గుండీల కొట్టావిడ పోయింది. నాతో కలిసి కుట్టుపని నేర్చుకున్న మనిషి. నాకున్న స్నేహితురాలు ఆవిడొక్కతే."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "పోయిందా? ఆవిడా? నాతో చెప్పలేదేం?"

"చెప్పాను. ఏడుస్తూ వచ్చి వరండాలో మీ పక్కనే కూర్చుని చెప్పాను. మీరు ఫోన్లోకి చూస్తూ, 'చాలా సంతోషం మేడమ్, మళ్లీ రండి' అన్నారు."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆవిడలో మిగలలేదు.

"లోకానికంతా ఎదురెళ్లి స్వాగతం పలికి, ఇంట్లో మనిషిని గుమ్మంలోనే నిలబెట్టాను" అన్నాడు మొహం ఎత్తి. "నీ స్నేహితురాలు ఎలాంటిది? నాకు సరిగ్గా తెలియదు. మొదట్నుంచీ చెప్పు."

ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నాడు. మంచం పక్కన సంచీ అలాగే ఉంది. ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది. నేర్చుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే మిషను కోసం ఎలా పోట్లాడుకున్నారో, ఆ తర్వాత ఒకే గొడుగులో ఇంటికి ఎలా వెళ్లారో చెబుతుంటే ఆవిడ గొంతు తడబడుతూ, ఆగుతూ, మళ్లీ దారిలో పడుతోంది. ఆ ఒక్క సాయంత్రంతో అన్నేళ్ల మౌనం కడుక్కుపోయిందని నేను చెప్పను. అలా చెబితే మీరూ నమ్మరు. కింద రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. ఆవిడ మాట ఆపలేదు.

ఫోన్లో అడిగే పరాయివాళ్లకి కాస్త ఆలస్యంగా జవాబిచ్చినా ఏ ఇల్లూ కూలిపోదు. పక్కనే కూర్చున్న మనిషికి జవాబివ్వకపోతే మాత్రం గదులన్నీ నిండి ఉన్నా ఆ ఇల్లు ఖాళీయే.